లూదియ ఇంటి అడ్రసు

మొదటి రోజు, మంగళవారం: కవాలా

బయల్దేరే ముందురోజు సాయంత్రం హాలు ఓనరు పిలిపించి, "పాస్టర్ గారూ, ఒకటో తారీఖుకల్లా ఖాళీ చేసిపెట్టండి" అన్నాడు. పక్కవాళ్ళకు సౌండు ఇబ్బందిగా ఉందట. తొమ్మిదేళ్ళుగా మేము ఆరాధన చేసుకుంటున్న మేడమీది హాలు అది. ఆ స్పీకర్లకు వైరింగు చేసిందీ నేనే, వాల్యూము పెంచిందీ నేనే. ఆయన్ని ఏమని అనను? ఇంటికొచ్చి మా ఆవిడకు ఒక్కదానికే చెప్పాను. సంఘంలో ఎవరికీ చెప్పొద్దన్నాను. తిరిగొచ్చాక చూసుకుందాంలే అని బట్టలు సర్దుకున్నాను. ఆ "చూసుకుందాంలే" విమానమంతా నా పక్క సీట్లోనే కూర్చుంది.

ఇంకో పక్క సీట్లో పెద్దయ్యగారు. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. డెబ్భై దాటాయి. పరిచర్య నుంచి రిటైరై, "మోకాళ్ళు ఒప్పుకుంటున్నప్పుడే పౌలు తిరిగిన ఊళ్ళు చూడాలి అబ్బాయ్, తోడు రా" అన్నారు. యేసు సువార్త చెబుతూ మొదటి శతాబ్దంలో ఊరూరా తిరిగిన అపొస్తలుడు పౌలు. టిక్కెట్లు వాళ్ళ పిల్లలే కొన్నారు. ఇస్తాంబుల్లో విమానం మారి గ్రీసులోని థెస్సలొనీకలో దిగాం. అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని కవాలా చేరేసరికి సాయంత్రమైంది.

బైబిల్లో నెయపొలి అని ఉన్న రేవు ఇదే. ఇప్పటి టర్కీ ఒడ్డునున్న త్రోయలో పౌలు ఓడెక్కి, మధ్యలో సమొత్రాకే దీవి దగ్గర ఆగి, రెండో రోజుకి ఇక్కడ దిగాడు. ఇదే సముద్రం తిరుగు ప్రయాణంలో ఆయనకు అయిదు రోజులు పట్టింది. గాలి అనుకూలమైతే ఒక లెక్క, ఎదురైతే ఒక లెక్క. రేవుకు దగ్గర్లోనే ఒక చర్చి ముందు, ఆయన దిగుతున్న దృశ్యాన్ని రంగురాళ్ళతో పొదిగి పెట్టారు. ఆ చర్చి ఒకప్పుడు మసీదట. పెద్దయ్యగారు చాలాసేపు దాన్నే చూసి, "పౌలును కలలో ఇటు రమ్మని పిలిచింది ఒక మగాడు. వచ్చాక విన్నది ఆడవాళ్ళు. రేపు చూద్దువుగాని" అన్నారు.

రెండో రోజు, బుధవారం: ఫిలిప్పీ

కవాలా నుంచి కొండ దాటితే పదిహేను కిలోమీటర్ల చిల్లర. క్రీ.పూ. 356లో అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్పు తన పేరు పెట్టుకున్న ఊరు. క్రీ.పూ. 42లో జూలియస్ సీజరును చంపినవాళ్ళకూ, ఆయన తరఫువాళ్ళకూ ఈ మైదానంలోనే యుద్ధం జరిగింది. ఆ తర్వాత రోమా సైనికులకు ఇక్కడ భూములిచ్చి కూర్చోబెట్టారు. అందుకే పౌలు వచ్చేనాటికి ఇది గ్రీకు దేశంలో ఉన్న రోమా ఊరు. ఇప్పుడు ఎవరూ ఉండరు. 2016లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది.

ముందు ఏటి దగ్గరికి వెళ్ళాం. ఏరు అన్నానుగాని పెద్ద కాలువంత ఉంటుంది. నీళ్ళు చల్లగా, అడుగున గులకరాళ్ళు కనబడేంత తేటగా ఉన్నాయి. బాప్తిస్మాలకు వీలుగా ఒడ్డున రాతిమెట్లు కట్టారు. ఊళ్ళో యూదుల సమాజమందిరం లేకపోవడంతో విశ్రాంతి దినాన ఆడవాళ్ళు ప్రార్థనకు ఏటి ఒడ్డున చేరేవారు. వాళ్ళలో తుయతైర నుంచి వచ్చిన లూదియ ఒకామె. మన తెలుగు బైబిలు ఆమెను ఊదారంగు పొడి అమ్మే మనిషి అంటుంది. గ్రీకులో ఉన్న మాట ఊదారంగు సరుకు అమ్మే ఆవిడ అని మాత్రమే. పొడో బట్టో, మొత్తానికి ఖరీదైన వ్యాపారం. ప్రభువు ఆమె హృదయం తెరిచాడు, ఆమె తన ఇంటి తలుపు తెరిచింది. ఐరోపాలో పౌలు నాటిన మొదటి సంఘం ఆ ఇంట్లోనే కూడింది.

ఆ ఇల్లు చూడాలని నాకు బలంగా అనిపించింది. తవ్వకాల చోటికి వెళ్ళి మ్యాపు పట్టుకుని తిరిగాను. రోమావాళ్ళు రాళ్ళు పరిచిన ఎగ్నాతియా రోడ్డు ఉంది, బండిచక్రాల గాళ్ళు ఇంకా కనబడతాయి. నాటకశాల ఉంది. పౌలు చెర అని చూపించే గుంట ఉంది, అదీ నిజానికి రోమావాళ్ళ నీళ్ళ తొట్టి. లూదియ ఇల్లు మాత్రం లేదు. ఎక్కడుండేదో ఆ మ్యాపూ చెప్పలేదు.

కంటికి కొట్టొచ్చినట్టు కనబడేది ఇంకోటి. రెండు నిలువుల భారీ స్తంభాలు, వాటి మధ్య ఖాళీ ఆకాశం. ఆరో శతాబ్దంలో కట్టిన చర్చి అది, బసిలికా బి అంటారు. ఇంతకంటే గొప్పది ఉండకూడదని పైన పెద్ద గుమ్మటం లేపారు. ప్రతిష్ఠ జరగకముందే గుమ్మటం కూలిపోయింది. పూర్తి చేయలేదు. తర్వాతివాళ్ళు ముందుభాగాన్ని మాత్రం చిన్న గుడిగా వాడుకున్నారు. ఒక్క ఆదివారం కూడా జరగని మందిరం!

నేను అక్కడ కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను. మా సంఘం అయిదో వార్షికోత్సవంలో స్టేజీ మీద ఒక ఫ్లెక్సీ కట్టించాను. కంప్యూటర్లో గీయించిన మందిరం బొమ్మ, రెండంతస్తులు, పైన గుమ్మటం. స్థలమే లేదు మాకు. "విశ్వాసంతో చూడండి" అని మైకులో అరిచాను, అందరూ ఆమెన్ అన్నారు. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు వానకు జనరేటరు మీద కప్పుతున్నాం.

అక్కడికి దగ్గర్లోనే ఎనిమిది మూలల చర్చి పునాదులున్నాయి. దాని కింద అంతకంటే పాతదైన ఒక చిన్న ప్రార్థనాశాల బయటపడింది. దాని నేలలో పొదిగిన అక్షరాల్లో పొర్ఫూరియు అనే బిషప్పు పేరూ, పౌలు పేరూ ఉన్నాయి. నాలుగో శతాబ్దపు పని. అంటే లూదియ ఇంటికీ ఈ నేలకూ మధ్య దాదాపు మూడువందల ఏళ్ళు. అన్నాళ్ళూ వాళ్ళు ఎక్కడ కూడుకున్నారో?

ఈ ఊరివాళ్ళకు పౌలు రాసిన పత్రికలో యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీలున్నారు. ఇద్దరికీ పడదు, కలిసుండమని పేరుపెట్టి బతిమాలతాడు. పెద్దయ్యగారు నవ్వి, "మనవాళ్ళు ఆ రెండు పేర్లూ పిల్లలకు పెట్టరు చూశావా" అన్నారు. అన్నట్టు నాకూ ఆ రోజు మధ్యాహ్నం ఫోన్లో అదే పంచాయితీ. పాట ఎవరు ఎత్తుకోవాలన్న దగ్గర ఇద్దరు సిస్టర్లకు మాటామాటా పెరిగింది. ఫిలిప్పీ రాళ్ళ మీద కూర్చుని నలభై నిమిషాలు ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాను. దేశం మారినా కాపరి పని మారలేదు.

మూడో రోజు, గురువారం: థెస్సలొనీక

ఫిలిప్పీలో ఊరు చచ్చిపోయింది, ఇక్కడ బతికే ఉంది. పాతది చూడాలంటే కొత్తదాని కిందికి దిగాలి. 2024 నవంబరు 30న ఇక్కడ మెట్రో మొదలైంది. తవ్వుతుంటే పాతకాలపు వీధులు బయటపడ్డాయి, అందుకే అంత ఆలస్యమైందట. వెనిజెలు స్టేషన్లో ఆ పాత వీధినీ దుకాణాలనూ అలాగే ఉంచి చూపిస్తున్నారు. రైళ్ళకు డ్రైవరుండడు. పెద్దయ్యగారు పాత రాళ్ళు చూస్తుంటే నేను కప్పులో కేబుళ్ళు ఎలా లాగారా అని చూస్తున్నాను. వారంలో అయిదు రోజులు నేను ఎలక్ట్రీషియన్ని మరి. కన్ను అక్కడికే పోతుంది.

రోమా చక్రవర్తి గలేరియు తోరణం, రొటుండా అనే గుండ్రటి కట్టడం రెండూ పౌలు చనిపోయిన రెండున్నర శతాబ్దాల తర్వాతివి. రోమా చావడి కూడా ఆయన తర్వాతదే. ఆయన చూసినవి చూద్దామంటే ఇక్కడా దొరకలేదు. దొరికిన ఒక మంచి సంగతి ఊళ్ళోనే లేదు, లండన్లో ఉంది. పౌలు ప్రయాణాల కథ ఉన్న అపొస్తలుల కార్యముల్లో, దాన్ని రాసిన లూకా ఈ ఊరి అధికారులను గ్రీకులో "పొలితార్కులు" అన్నాడు. బయట పుస్తకాల్లో ఆ మాట కనబడక లూకా పొరబడ్డాడని ఒకప్పుడు కొందరు అనేవారు. ఈ ఊరి వర్దారు ద్వారం మీద అదే మాట చెక్కి ఉంది. 19వ శతాబ్దంలో ఆ ద్వారం పడగొట్టినప్పుడు ఆ రాయిని బ్రిటిష్ మ్యూజియానికి తీసుకెళ్ళారు.

పౌలు ఇక్కడ సమాజమందిరంలో వాదించింది మూడు విశ్రాంతి దినాలు. గొడవై గుంపు వచ్చి పడింది ఆయనకు బస ఇచ్చిన యాసోను ఇంటి మీద. వాళ్ళకు పౌలు దొరకలేదు. ఇల్లుగలవాడు దొరికాడు. హామీ కట్టి బయటపడ్డాడు. ఇన్నేళ్ళూ ఈ భాగం మీద చెప్పిన ప్రసంగాలన్నిట్లో నేను పౌలు వైపునుంచే చెప్పాను. యాసోను ఆ రాత్రి భార్యకు ఏం చెప్పుకున్నాడో ఎన్నడూ ఆలోచించలేదు. మాకు హాలిచ్చినాయనకూ పక్కవాళ్ళతో ఎన్ని మాటలు పడాల్సి వచ్చిందో.

సాయంత్రం సముద్రం ఒడ్డున ఎలెఫ్తెరియా స్క్వేరుకు వెళ్ళాం. మంటల్లో మెలికలు తిరిగిన మనుషులతో చేసిన దీపస్తంభం అక్కడుంది. 1943లో ఈ ఊరి నుంచి నలభై వేలమందికి పైగా యూదులను నాజీలు రైళ్ళలో ఆష్‌విట్జ్‌ మరణశిబిరానికి తరలించారు. వాళ్ళలో దాదాపు ఎవరూ తిరిగి రాలేదు. పెద్దయ్యగారు టోపీ తీసి నిలబడ్డారు. తిరిగొచ్చేటప్పుడు ఒకటే మాటన్నారు: "యూదులు యూదులు అని పులిపిట్ మీద మనం నోరు పారేసుకుంటాం అబ్బాయ్. పౌలూ యూదుడే, యాసోనూ యూదుడే అయ్యుంటాడు."

నాలుగో రోజు, శుక్రవారం: బెరయ

ఇప్పుడు వేరియా అంటారు. పౌలు నిలబడి మాట్లాడాడని చెప్పే చోట మెట్లు, వాటి చుట్టూ మెరిసే రంగురాళ్ళ బొమ్మలు. విన్నది నిజమో కాదో లేఖనాల్లో వెతికి చూసుకున్నవాళ్ళని బెరయవాళ్ళకు పేరు. కాపరికి ఇలాంటివాళ్ళు సంఘంలో ఇద్దరుంటే మంచిది, పదిమందుంటే నిద్రపట్టదు. వాన పడింది. పెద్దయ్యగారి మోకాలు వాచింది. మందులషాపు వెతకడంతోనే పొద్దుగూకింది.

రాత్రి మా ఆవిడ ఫోన్ చేసింది. "ఏమండీ, హాలు సంగతి అందరికీ తెలిసిపోయింది. ఓనరుగారే ఎవరితోనో అన్నారట" అంది. కోపంగా ఉన్నారా అని అడిగాను. "హాలు పోయినందుకు కాదు, మీరు చెప్పనందుకు" అంది. తర్వాత కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. "ఈ ఆదివారం నుంచే మూడిళ్ళలో పెట్టుకుంటామంటున్నారు, సరేనంటారా?" అని అడిగింది. అడిగినట్టే ఉందిగాని, అప్పటికే నిర్ణయం అయిపోయిన గొంతు అది. సరేనన్నాను. ఇంకేమనను, బెరయలో ఉండి!

అయిదో రోజు, శనివారం: ఏథెన్సు

థెస్సలొనీక నుంచి రైలు. కుడిపక్క మబ్బుల్లో ఒలింపస్ కొండ, ఎడమపక్క సముద్రం. సాయంత్రానికి పౌలు ప్రసంగించిన రాతిగుట్ట, అరేయొపగు ఎక్కాను. ఎక్కడం అంటే ఇనుపమెట్లు ఉన్నాయి. పక్కనే పాతకాలపు రాతిమెట్లూ ఉన్నాయిగాని అరిగి అరిగి నున్నటి సబ్బుబిళ్ళల్లా తయారయ్యాయి. పెద్దయ్యగారు కిందే కూర్చున్నారు. కింద రాతికి కంచు పలక ఉంది, పౌలు ప్రసంగం మొత్తం గ్రీకులో. పైన కుర్రకారు సూర్యాస్తమయాన్ని ఫోటోలు తీసుకుంటున్నారు. ఎదురుగా అక్రోపొలిస్.

సేవకుల మీటింగుల్లో ఒకరు ఎప్పుడూ అంటారు, ఏథెన్సులో పౌలు ఫెయిలయ్యాడని. తత్వం మాట్లాడాడు, ఫలితం రాలేదని. నాకు ఆ మాట ఎప్పుడూ నచ్చదు. దియొనూసియు, దమరి, ఇంకొందరు నమ్మారని రాసి ఉంది కదా. మా మొదటి ఆరాధనకు వచ్చింది నలుగురు, అందులో ఇద్దరం నేనూ మా ఆవిడా. నెలనెలా రిపోర్టులో సంఖ్య రాసి పంపాలంటే పిల్లల్ని కూడా కలిపి రాసేవాణ్ణి. ఒకసారి చంకలో పాపను రెండుసార్లు లెక్కపెట్టాను. పొరపాటున కాదు.

ఆరో రోజు, ఆదివారం: కొరింథు

మన టైముకు ఇక్కడ రెండున్నర గంటలు వెనక. పొద్దున ఏడున్నరకు హోటల్ గదిలో మంచం మీద ఫోన్ పెట్టుకుని ఇద్దరం మా ఆరాధన చూశాం. మూడిళ్ళలో ఒకటి టైలరింగ్ చేసే సిస్టరు గారి కొట్టు. మిషన్లు గోడవైపు జరిపి చాపలు వేశారు. మైకు లేదు. ఇరవైమంది ఉంటారేమో, గొంతులు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎప్పుడూ నోరు విప్పని ఒక ముసలాయన లేచి సాక్ష్యం చెప్పాడు. హాల్లో ఆయన ఎక్కడ కూర్చునేవాడో కూడా నాకు గుర్తురాలేదు. వాక్యం ఆ టైలరు సిస్టరే చెప్పింది, పది నిమిషాలు. బాగానే చెప్పింది. కాస్త బాధగానే అనిపించిందని ఒప్పుకోవాలి, నేను లేకపోయినా అంత బాగా జరిగినందుకు.

తర్వాత రైల్లో కొరింథు. దారిలో 1893లో తెరిచిన కాలువ, ఆరు కిలోమీటర్ల పైచిలుకు, కొండను కత్తితో నిలువునా కోసినట్టు. క్రీ.పూ. 146లో రోమావాళ్ళు పాత కొరింథును నేలమట్టం చేశారు. క్రీ.పూ. 44లో సీజరు మళ్ళీ ఊరు నిలబెట్టాడు. అంటే పౌలు వచ్చేనాటికి వందేళ్ళు కూడా నిండని ఊరు. అటు ఒక రేవు, ఇటు ఒక రేవు, మధ్యలో డబ్బు. ఎక్కడెక్కడివాళ్ళో బతకడానికి వచ్చి చేరిన నగరం. పల్లె నుంచి వచ్చి నగరంలో సంఘం మొదలుపెట్టినవాడికి ఈ ఊరు పుస్తకం చదవకుండానే అర్థమవుతుంది.

అపొల్లో గుడివి ఏడు స్తంభాలు నిలిచి ఉన్నాయి. చావడి మధ్యలో న్యాయపీఠం, రోమా అధిపతి గల్లియోను ఎదుట పౌలును నిలబెట్టింది ఇక్కడే. డెల్ఫీలో దొరికిన ఒక శాసనంలో గల్లియోను పేరు ఉండబట్టే, పౌలు ఇక్కడున్నది సుమారు క్రీ.శ. 51 అని లెక్క తేల్చగలిగారు.

నేను ఎక్కువసేపు గడిపింది పీఠం దగ్గర కాదు, దుకాణాల దగ్గర. చావడి చుట్టూ వరసగా చిన్నచిన్న గదులు, కొన్నిటికి గోడలు మోకాలెత్తున మిగిలాయి. ఒకదాంట్లో దిగి అడుగులు వేశాను. అయిదు అడుగులకు ఎదుటి గోడ. పౌలు, ఆయనతో కలిసి పనిచేసిన అకుల, ప్రిస్కిల్ల దంపతులు ఇలాంటి గదిలోనే డేరాలు కుట్టి ఉండొచ్చు. సూది, కత్తి, మైనం పట్టించిన దారం. పని చేస్తూనే మాట్లాడటం. బేరానికి వచ్చినవాళ్ళు, ఊరికే కబుర్లకు ఆగినవాళ్ళు. ఇక్కడ ఏడాదిన్నర ఉన్నాడు. తన చేతులతో కష్టపడుతున్నానని ఈ సంఘానికే రాశాడు, కాస్త గర్వంగా కూడా.

నేను పదేళ్ళుగా నా చేతిపని, కరెంటు పని, దాచాను. సేవకుడు టెస్టరు జేబులో పెట్టుకుని తిరగడమేంటని ఒక పెద్దమనిషి అన్న మాట ముల్లులా దిగింది. వైరింగుకు వెళ్ళిన ఇళ్ళలో పాస్టర్నని చెప్పేవాణ్ణి కాదు, సంఘంలో కరెంటు పని మాటెత్తేవాణ్ణి కాదు. విశ్వాసి ఒకాయన ఇంట్లో ఫ్యాను బిగిస్తుంటే ఇంకో విశ్వాసి వచ్చాడు. నిచ్చెన మీదనుంచి దిగి, "ప్రార్థనకు వచ్చాను" అన్నాను, చేతిలో స్క్రూడ్రైవరుతోనే. పెద్దయ్యగారికి ఇది ఇక్కడ, ఆ గదిలో మొదటిసారి చెప్పాను. ఆయన గోడ మీద కూర్చుని నవ్వీ నవ్వీ, "నేను ఇరవై ఏళ్ళు రాత్రిళ్ళు లెక్కలు రాశాను, కిరాణా కొట్లో. మా ఇంటావిడకు తప్ప ఎవరికీ తెలియదు" అన్నారు.

నాటకశాల దగ్గర నేలలో లాటిను అక్షరాలున్నాయి. ఎరస్తు అనే అధికారి తన పదవికి బదులుగా సొంత ఖర్చుతో ఈ రాళ్ళు పరిపించాడని. ఒకప్పుడు ఆ గాళ్ళలో కంచు పోసి ఉండేదట. రోమా సంఘానికి పౌలు రాసిన పత్రిక చివర్లో పట్టణపు ఖజానాదారుడు ఎరస్తు అని ఒకాయన వందనాలు చెబుతాడు. ఇద్దరూ ఒకరేనని అందరూ ఒప్పుకోరు. ఆ పక్క మాటలోనే గాయియు అనే అతను సంఘమంతటికీ ఆతిథ్యమిచ్చేవాడని ఉంది. ఎరస్తు రాళ్ళు మిగిలాయి. గాయియు ఇల్లు, షరా మామూలే, ఎక్కడో తెలియదు.

ఏడో రోజు, సోమవారం: కెంక్రేయ

రాత్రికి విమానం. పొద్దున టాక్సీలో కెంక్రేయ వెళ్ళాం, కొరింథు తూర్పు రేవు. చిన్న ఒడ్డు, సముద్రం పాత రేవును సగం మింగేసింది. తర్వాతి కాలపు చర్చి గోడల మొదళ్ళు నీళ్ళలో కనబడుతున్నాయి. చిన్న చేపలు వాటి మధ్య తిరుగుతున్నాయి. ఇక్కడి సంఘ పరిచారకురాలు ఫీబే. రోమా పత్రిక పట్టుకుని వెళ్ళింది ఆమేనని చాలామంది పండితులు అంటారు. పెద్దయ్యగారు ప్యాంటు మడిచి వాచిన మోకాలి దాకా నీళ్ళలో దిగి నిలబడ్డారు, హాయిగా ఉందన్నారు.

ఫోన్ మోగింది. మా ఆవిడ.

"ఏమండీ, స్పీకరు బాక్సులు ఎక్కడ పెట్టమంటారు? ఎవరింట్లోనూ పట్టట్లేదు."

"చిన్న ఆంప్లిఫయరు ఒకటి ఉంచు. పెద్దవి అమ్ముదాం."

"మీరేనా ఈ మాటన్నది?" అంది. వెంటనే, "అయితే ఆ డబ్బుల్లో చాపలు కొనాలి. నిన్న కొట్లో వెనకవాళ్ళు ఉత్త నేలమీదే కూర్చున్నారు" అంది.

ఎన్ని కావాలని అడిగాను. లెక్కపెట్టి చెబుతానని పెట్టేసింది.